మంజీరను నిలిపిన లెక్క

ఇందల్వాయి గుట్టలు దిగి నిజామాబాదు చేరి, అక్కడి నుండి పడమటగా బోధను దారిన సాగిన బాటసారికి నేల తీరే మారినట్లు తోచును. గుట్టలు, తుప్పలు వెనుకబడి కాలువలు, వరిమళ్లు ఎదురగును. చెరకు పంటను నమ్ముకొని 1937లో బోధనులో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడెను. ఆ చెరకును పెంచిన నీరు మంజీరది. ఆ నీటిని నిజాంసాగరమున నిలిపినవారు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

ఆయన అసలు పేరు మీర్ అహమద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించిరి. నిజాం కళాశాలలో చదివి, 1896లో సంస్థానమువారి విద్యార్థి వేతనముపై ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలకు వెళ్లిరి. అంతకు ముందటి సంవత్సరమే, 1895లో, ఫ్రాన్సు దేశమున బూజే అను రాతి ఆనకట్ట తెగి ఎనభైమందికి పైగా మరణించిరి. నీటివైపు ముఖమున రాతికట్టుపై లాగుడు పుట్టి బీట తీసెను. ఆ బీటలో నీరు చొచ్చి పై కట్టును ఎత్తివైచెను. ఆనాటి ఇంజనీర్లకు ఇంతకంటె కఠినమైన పాఠము లేదు.

రాయియు, సున్నమును ఎంతటి ఒత్తిడినైనను ఓర్చును గాని లాగుడును ఓర్వలేవు. ఆనకట్ట బరువు క్రిందికి నొక్కును, నీరు ప్రక్కకు నెట్టును. ఈ రెంటి కలయిక వలన కలుగు బలము పునాది వెడల్పులో నడిమి మూడవ వంతున పడినంతకాలము నీటివైపు అంచున లాగుడు పుట్టదు. తొంబది అడుగుల పునాదియైనచో ఆ బలము నడిమి ముప్పది అడుగులు దాటరాదు. దాటెనా, బీట తప్పదు.

1899లో స్వదేశము చేరి ప్రజాపనుల శాఖలో ప్రవేశించిన ఆయన 1918లో చీఫ్ ఇంజనీరైరి. మూసీ వరదల అనంతరము విశ్వేశ్వరయ్యగారు సూచించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల వెనుక ఈయన శ్రమ కలదు. కాని ఆయన పేరు నిలిపినది నిజాంసాగరమే. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన ఆ కట్ట పొడవు సుమారు మూడు కిలోమీటర్లు. లక్ష్యము 2,75,000 ఎకరముల సాగు. మడులు తడియుటకై కొన్ని పదుల గ్రామములు మునిగినవను మాటను మరువరాదు.

ఆ కట్ట లేచుచుండగనే, 1928లో, ఫ్రాన్సున ఫ్రేసినే అను ఇంజనీరు ముందుగా ఒత్తిడి నింపిన కాంక్రీటుకు పేటెంటు పొందెను. ఆనకట్టకు తన బరువే చేయు మేలును ఆయన దూలమునకు ఉక్కుతీగల బిగువుచే చేయించెను. లెక్క మాత్రము పాతదే. అరువది సెంటీమీటర్ల లోతుగల చదరపు కోత దూలమున, నడిమికి పది సెంటీమీటర్ల దిగువన, అరువది టన్నుల బిగువుతో తీగలను లాగినచో పై అంచున ఒత్తిడి సున్న, క్రింది అంచున సగటుకు రెట్టింపు. బరువులు మోపగా పుట్టు వంపు భ్రామకము పన్నెండు టన్ను-మీటర్లకు చేరినప్పుడు గాని ఆ క్రింది ఒత్తిడి పూర్తిగా హరింపదు. దానికి కాంక్రీటు స్వయముగా ఓర్చు కొద్దిపాటి లాగుడును కలిపిన యెడల అదియే బీట తీయు భ్రామకము. ఇచటనూ నడిమి మూడవ వంతు నియమమే పని చేయుట విద్యార్థులు గమనింపదగినది.

1938లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘమున నదులు, నీటిపారుదల ఉపసంఘమునకు అలీ నవాజ్ జంగ్ అధ్యక్షులైరి. సంస్థానపు అధికారికి అది సామాన్య గౌరవము కాదు. 1949 డిసెంబరు 6న ఆయన పరమపదించిరి. ఆయన జన్మదినమును 2014 నుండి తెలంగాణలో ఇంజనీర్ల దినముగా జరుపుచున్నారు.

నీటి నెట్టుడును ఎదిరించిన కట్టకు మంజీర మోసుకొని వచ్చిన ఒండ్రుమట్టి మరొక పరీక్ష పెట్టెను. సుమారు 30 టి.ఎం.సి.ల నిల్వ నలుబది యేండ్లలో సగముకంటె తగ్గిపోయెను. 1970వ దశకమున నీటి మట్టమును నాలుగైదు అడుగులు పెంచి 17.8 టి.ఎం.సి.లకు తెచ్చిరి. నీటిలోతు రెట్టింపైనచో కట్టను త్రోయు భ్రామకము ఎనిమిది రెట్లగును. కనుక ఆ నాలుగైదు అడుగులకై ఇంజనీర్లు నడిమి మూడవ వంతు లెక్కను మరల మొదటి నుండి వేయవలసి వచ్చెను.