జలవైద్యుడు సెబాస్టియన్ క్నైప్

జర్మనీలోని బవేరియా ప్రాంతమున, స్టెఫాన్స్‌రీడ్ అను కుగ్రామమందు ఒక పేద నేతగాని యింట 1821 మే 17న సెబాస్టియన్ క్నైప్ జన్మించెను. బాల్యమునుండియు నేలమాళిగలోని మగ్గముకడ కూర్చుండి తండ్రికి తోడుగా నేసెను. శ్రమజీవుల బాధలను ఆయన అంత సులభముగా గ్రహింపగలుగుటకు ఆ మగ్గమే కారణమనవచ్చును. క్రైస్తవ మతాచార్యుడు కావలెనని ఆయన కోరిక. చదువుకొరకు దాచుకొనిన స్వల్పధనము ఇల్లు తగులబడినప్పుడు బూడిదయ్యెను. ఇరువది యేండ్లు దాటిన పిమ్మట, దయామయుడగు ఒక మతాచార్యుడు లాటిన్ నేర్పగా, తనకంటె చిన్నవారగు బాలుర సరసన కూర్చుండి చదివెను.

ఆ దినములలోనే క్షయ సోకెను. దాని క్రిమిని కనుగొనుటయే 1882లో జరిగెను, అప్పటికి మందెక్కడిది? చన్నీటి గుణములను గూర్చి హాన్ అను పూర్వవైద్యుడు వ్రాసిన గ్రంథమొకటి ఆయన కంటబడెను. 1849 చలికాలమున డిలింగెన్ పట్టణముచెంత డాన్యూబ్ నదిలో కొలదిక్షణములు మునిగి, వెంటనే దుస్తులు ధరించి వడివడిగా ఇల్లు చేరుచుండెను. క్రమముగా కోలుకొని 1852లో మతాచార్యుడయ్యెను. నీటివలననే క్షయ నయమాయెనని నేటి వైద్యశాస్త్రము ఒప్పదు. క్షయకు తప్పక వాడవలసిన మందులు నేడున్నవి. కాని ఆయనకు మాత్రము అది జీవితవ్రతమయ్యెను.

1854లో బోస్ అను గ్రామమున కలరా చెలరేగగా రోగులకు పరిచర్య చేసెను. అర్హతాపత్రము లేక చికిత్స చేయుచున్నాడని వైద్యులును, మందులవారును ఫిర్యాదులు చేసిరి. ఇంటికి వచ్చిన పేదవానిని పొమ్మనుట ఆయనకు సాధ్యము కాలేదు. 1855లో వోరిస్‌హోఫెన్‌లోని సన్యాసినుల మఠమునకు నియమింపబడి, అచటి పశువులను, తేనెటీగలను, పొలమును గూడ చక్కబెట్టెను!

తొలుత ఆయన చికిత్స కఠినము. అనుభవము పెరిగినకొలది పలుమార్లు దానిని మృదువు గావించెను. చల్లబడియున్న దేహముపై చన్నీరు పోయరాదు; ముందు నడకచేతనో పనిచేతనో వెచ్చబడవలెను. మోకాళ్లపై సన్నని ధార, మంచుతడిసిన పచ్చికపై పాదరక్షలు లేని నడక, కొలదిసేపు నీటిలో అడుగులు వేయుట — ఇంతియే. వీనికి మూలికలు, సాదా ఆహారము, దేహశ్రమ తోడయ్యెను. నీరు పోసినను కొందరికి గుణము కనబడకపోవుటకు వారి క్రమము తప్పిన జీవితమును, కలతపడిన మనస్సును కారణములని ఆయన గుర్తించెను. అప్పటినుండి రోగమును గాక రోగిని చూచెను. ఆయన గొప్పతనము చన్నీటికంటె ఈ చూపునందే యున్నది.

1886లో జలచికిత్సపై ఆయన గ్రంథము వెలువడగానే ఆ చిన్నయూరికి దేశదేశముల రోగులు వచ్చిరి. 1891లో చికిత్సాలయము, తరువాత రోగపీడితులగు బిడ్డలకొక ఆశ్రయము వెలసెను. 1897 జూన్ 17న ఆయన అచటనే కన్నుమూసెను. 1920లో ఆ యూరి పేరునకు స్నానస్థలమను అర్థమిచ్చు 'బాడ్' అను మాట చేర్చబడెను.