భూమికి కట్టు వేసిన ఇమాం

బర్కా, సోహార్ తోటల్లో మనవాళ్లు ఎందరో పని చేస్తుంటారు. ఆ బాతినా తీరాన ఖర్జూరం పచ్చగా నిలవడానికి 300 ఏళ్ల కిందట పాటుపడ్డ ఇమాం సైఫ్ బిన్ సుల్తాన్ గురించి ఈసారి చెప్పుకుందాం.

అన్న బిలారబ్‌తో తలపడి 1692లో గద్దెనెక్కాడు. 1698లో పోర్చుగీసుల నుంచి ఆఫ్రికాలోని మొంబాసా కోటను గుంజుకున్నాడు. యుద్ధాల సంగతి అలా ఉంచి, మనం నీళ్ల దగ్గరికొద్దాం.

ఒమన్‌లో ఏడాదంతా పారే నది లేదు. కొండ అడుగున ఊటను పట్టి, కొద్దిపాటి వాలుతో కిలోమీటర్ల కొద్దీ కాలువ తవ్వి ఊరికి తేవాలి. మోటారు లేదు, కరెంటు లేదు. అదే ఫలజ్. సీమవాళ్లకు మన ఊటకాలువ గుర్తొస్తుంది కదూ! నీళ్ల వంతులు గంటల లెక్కన. మన నీరుగంటిలాగే ఇక్కడ అరీఫ్ చూసుకుంటాడు. పూడిక తీయడం మానేస్తే తోటలతోపాటు ఊరూ ఖాళీయే.

సైఫ్ ఓడల మీద వచ్చిన సొమ్మును ఇందులో పెట్టాడు. కొత్తవీ బాగుచేయించినవీ కలిపి 17 ఫలజ్‌లంటారు. బాతినాలో 30 వేల ఖర్జూరపు చెట్లు, 6 వేల కొబ్బరి చెట్లు నాటించాడని చరిత్రకారులు రాశారు. జనం ఆయన్ని ఖైద్ అల్ అర్ద్ అన్నారు, అంటే భూమికి వేసిన కట్టు.

అంతా ధర్మానికే చేశాడని అనుకోనక్కర్లేదు. దేశంలోని ఖర్జూరపు చెట్లలో మూడో వంతు ఆయన సొంతమేనట! 28 ఓడలు, 700 మంది బానిసలు కూడా. కాలువలోకి దిగి మట్టి మోసినవాళ్ల పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

1711లో రుస్తాక్‌లో కన్నుమూశాడు. ఆ ఊళ్లోని అల్ ముయస్సర్ ఫలజ్ 2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. సెలవు దొరికితే వెళ్లి చూడండి, నీళ్లు ఇంకా పారుతున్నాయి.