మోటారు సైకిల్ విప్పిన నాయుడుగారు

ఆ రోజు ఇడ్లీలు వేద్దామని చూస్తే రేకులు కనపడలేదు. ఇల్లంతా వెతగ్గా వెతగ్గా వెనక వరండాలో దొరికాయి. ఒక్కో గుంటలో ఒక్కో రకం నట్లు, బోల్టులు, వాషర్లు! పక్కనే గోనెపట్టా మీద మా మామగారి బుల్లెట్ ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. మధ్యలో మా అమ్మాయి, మోచేతుల దాకా నల్లటి గ్రీజుతో.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాంపల్లి సందులో మాది పాత ఇల్లు. ఎవరొచ్చినా ఆ వరండా కంటపడాల్సిందే. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది కదా అని మురిసిపోయాను గాని, పెళ్ళి కావలసిన పిల్ల ఇనుప సామాను ముందేసుకుని కూర్చుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? మామగారు పోయాక ఏళ్ళ తరబడి కదలని బండి అది. దాన్ని విప్పి, పాతకాలపు రేసు బండికి నకలు తయారుచేస్తుందట. మడ్‌గార్డులు తీసేసి, వంగిన హ్యాండిల్ పెట్టి, ట్యాంకు సన్నగా పొడుగ్గా చేయించి, నూరేళ్ళ కిందట ఇంగ్లండులో పందేలు గెలిచిన రడ్జ్ అనే బండిలా చేయాలని దాని పంతం. అనుమతి లేకుండా బండి రూపం మార్చి రోడ్డెక్కించకూడదని దానికీ తెలుసు. ఇంట్లోనే పెట్టుకుంటానంది. ఆదివారం సాయంత్రంలోగా ఎక్కడివక్కడ బిగించకపోతే పాత సామాన్లవాడికి వేసేస్తానని తేల్చి చెప్పాను.

ఆ ఆదివారం పొద్దున్నే అబిడ్స్ వెళ్ళాను. షాపులు మూసి ఉంటే ఫుట్‌పాత్‌ల నిండా పాత పుస్తకాలు పరుస్తారు కదా, కథలు రాసుకునే నాకు అదొక అలవాటు. ఒక గుట్టలో అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం చేతికొచ్చింది. జి.డి. నాయుడుగారి గురించి. పేరు విన్నానే గాని ఆయనెవరో నాకు సరిగ్గా తెలియదు. నిలబడే నాలుగు పేజీలు తిప్పాను. అందులో ఒక బండి పేరు చూసి ఉలిక్కిపడ్డాను. రడ్జ్! బేరమాడకుండా కొనేశాను. ఆ తర్వాత ఆయన గురించి దొరికినదల్లా చదివాను.

ఆయన పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తరాల కిందట అరవదేశం వెళ్ళి స్థిరపడినా ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రైతు కుటుంబం. పసితనంలోనే తల్లి పోయింది. చదువు అబ్బలేదు. బడిలో పంతులు కంట్లో ఇసుక కొట్టి పారిపోయాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి పిల్లాణ్ణి చూస్తే మనం ఏమంటాం? వీడు ఎందుకూ పనికిరాడనేగా!

ఆ కుర్రాడు ఒకరోజు పొలాల మధ్య ఒక దొర మోటారు సైకిల్ మీద రావడం చూశాడు. గుర్రం లేదు, ఎద్దు లేదు, బండి దానంతటదే పోతోంది! ఈ కథ ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు గాని సారాంశం ఇదీ. ఆ బండి అతని మనసులోంచి పోలేదు. ఇల్లు వదిలి కోయంబత్తూరు చేరి హోటల్లో సర్వరుగా కుదిరాడు. ఎంగిలి బల్లలు తుడిచి, మూడేళ్ళపాటు పైసా పైసా కూడబెట్టి, ఆ దొర దగ్గరే ఆ రడ్జ్ బండి కొన్నాడు. మూడు వందల రూపాయలంటారు. కొన్నాక ఊరంతా తిరిగాడా అంటే, అదీ లేదు. ఇంటికి తెచ్చి మొత్తం విప్పేశాడు!

ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు ఆలోచించాను. రడ్జ్ కంపెనీవాళ్ళు ఇంగ్లండులోని కోవెంట్రీలో 1911లో మోటారు సైకిళ్ళు మొదలుపెట్టారు. ఆ కాలపు బండ్లకి ఒకటే సిలిండరు, వెనక చక్రాన్ని తిప్పడానికి చైను బదులు బెల్టు. 1914లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలో జరిగిన పెద్ద పందెంలో గెలిచింది రడ్జ్ బండే. అంత పేరున్న బండి మన పల్లెటూరి కుర్రాడి ముందు ముక్కలై పడి ఉంది. చెప్పేవాళ్ళు లేరు, విప్పి చూపే పుస్తకం లేదు. మూడేళ్ళ కష్టార్జితం నేల మీద పరిచి ఉంది. మళ్ళీ బిగించలేకపోతే అదంతా ఇనప తుక్కే! పెట్రోలు గాలితో ఎక్కడ కలుస్తుంది, నిప్పురవ్వ ఎప్పుడు పడుతుంది, పిస్టను కిందికీ పైకీ ఆడితే చక్రం ఎలా గుండ్రంగా తిరుగుతుంది, ఇవన్నీ చేతులతోనే తెలుసుకున్నాడు. విప్పాడు, బిగించాడు. బండి నడిచింది. ఆయన చదివిన ఇంజనీరింగ్ కాలేజీ అదే.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందనుకోకండి. తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి బాగా సంపాదించి, బొంబాయి వెళ్ళి అంతా పోగొట్టుకున్నారు. మళ్ళీ మొదటికొచ్చారు. కోయంబత్తూరులో స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఆదుకుంటే, 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి తానే నడిపారు. యూనివర్సల్ మోటార్ సర్వీస్ పేరుతో అది పెరిగి పెరిగి, 1933 నాటికి 280 బస్సులైందని చెబుతారు.

డబ్బొచ్చాక కూడా ఆయన చెయ్యి ఊరుకోలేదు. గడ్డం గీసుకునే కరెంటు మిషను, పళ్ళరసం తీసే యంత్రం, సామాన్యుడు కొనుక్కోగల రేడియో, ఇలా ఎన్నో చేశారు. 1937లో బాలసుందరం నాయుడుగారితో కలిసి మన దేశంలోనే ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు చేసి రెండు వేల రూపాయలకే ఇవ్వొచ్చన్నారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు జనంలోకి రానేలేదు. పన్నుల మీద కోపంతో ఒక సభలో తాను చేసిన వస్తువులే పగలగొట్టి చూపించారని కూడా చెబుతారు. చేసిన చేతులతోనే పగలగొట్టుకోవాలంటే ఎంత నొచ్చుకుని ఉండాలి!

బడి మానేసిన ఈ మనిషి చొరవతోనే 1945లో కోయంబత్తూరులో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. ఆ కాలేజీకి ఈయనే తొలి ప్రిన్సిపాల్! నాలుగేళ్ళ చదువు దండగ, రెండేళ్ళు చాలని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నారు. నాలుగేళ్ళ చదువు దండగంటే నేనొప్పుకోను గాని, చేత్తో పట్టుకోని చదువు నిలవదన్నంతవరకూ నిజమే కదా. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరిట మ్యూజియం ఉంది.

ఒక్కటి మాత్రం నాకు వెలితిగా తోచింది. నేను చదివినవాటిలో ఆయన ఇంటి ఆడవాళ్ళ ఊసు దాదాపు లేదు. ఆ నూనె మరకలు ఎవరు తుడిచారో, వేళకి అన్నానికి రాని మనిషి కోసం ఎవరు కాచుకు కూర్చున్నారో! ఇంకో మాట కూడా అనిపించింది. ఆ ఊళ్ళో ఆ దొర బండిని ఆడపిల్లలూ చూసే ఉంటారు. వాళ్ళకీ అది ఎలా నడుస్తోందో చూడాలనిపించి ఉంటుంది. ఇల్లు వదిలి హోటల్లో పనికి కుదిరే వీలు వాళ్ళకెక్కడిది? చేతికి గ్రీజు అంటితే ఊరుకునే తల్లి ఏ ఇంట్లో ఉంది?

ఆ ప్రశ్న వేసుకున్నాక ఇంకెవరి మీదా నెపం పెట్టలేకపోయాను. ఆ తల్లిని నేనే కదా!

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ ఇంజన్ బిగిస్తోంది. నా గడువు కోసం సగం పని అయిపోయింది. ముఖాన మసి, మాట లేదు. పక్కన కూర్చుని, బిగించినవన్నీ మళ్ళీ విప్పమన్నాను. నమ్మలేక నా వంక చూసింది. పాత పుస్తకం చేతిలో పెట్టి రడ్జ్ పేరున్న పేజీ చూపించాను.

షరతులు పెట్టాననుకోండి! చదువు చెడకూడదు, వరండా అదే కడగాలి, విప్పిన ప్రతి ముక్కకీ బొమ్మ గీసి పేరు రాసుకోవాలి. మా వారు నవ్వి ఊరుకున్నారు. ఎదురింటి పిన్నిగారు మాత్రం ఇంకా ముక్కున వేలేసుకుంటూనే ఉన్నారు.

ఆ బండి ఇంకా స్టార్టు కాలేదు. ట్యాంకు రెండుసార్లు చేయించినా దాని మనసుకి నచ్చలేదు. నేను మాత్రం కొత్త ఇడ్లీ రేకులు కొనుక్కున్నాను. పాతవి వరండాలోనే ఉన్నాయి, నట్లతో.