రెక్కల చక్రం మనిషి కాంపాన్యోలో

మీ పెరట్లోనో, పశువుల శాల మూలనో తాతగారి సైకిల్ ఒకటి తుప్పు పట్టి పడి ఉందా? దాన్ని బయటికి తీసి, గీకించి, రంగు వేయించి, పాతకాలం రేసింగ్ సైకిల్‌లా మారుద్దామని ఎప్పుడైనా అనిపించిందా? అనిపిస్తే మొదలుపెట్టేయండి. ఫ్రేము పని అనుకున్నదాని కన్నా తేలిక. వంపు హ్యాండిలు కూడా దొరుకుతుంది. చిక్కంతా చక్రాల దగ్గరే. షాపుకెళ్తే ముందు నల్లటి, వెడల్పాటి రిమ్ములు చూపిస్తారు. సన్నటి స్టీలు ఫ్రేముకి అవి బిగిస్తే పంచె మీదకి స్పోర్ట్స్ షూ వేసినట్టుంటుంది. దానికి నప్పేవి మెరిసే వెండిరంగు చక్రాలు. వాటి గురించి వెతకడం మొదలుపెట్టిన రెండో రోజుకే ఒక పేరు మీకు ఎదురవుతుంది: కాంపాన్యోలో.

అది కంపెనీ పేరు. అంతకుముందు ఒక మనిషి పేరు. టుల్లియో కాంపాన్యోలో 1901లో ఇటలీ ఉత్తరాన విచెంజా అనే ఊళ్లో పుట్టాడు. నాన్నది ఇనప సామాన్ల కొట్టు. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల మేకులు, బోల్టులు, తాళాలు అమ్మే కొట్లు చూశారు కదా, అలాంటిదే అనుకోండి. టుల్లియో చేతులు అక్కడే పనికి అలవాటుపడ్డాయి. మిగతా సమయమంతా సైకిలే. 1920ల్లో అమెచ్యూర్ రేసుల్లో తొక్కాడు. పెద్ద ఛాంపియన్ మాత్రం కాలేకపోయాడు. రేసర్‌గానే మిగిలిపోయి ఉంటే ఈ రోజు ఆయన గురించి ఇక్కడ చదివేవాళ్లు కాదు.

ఆ రోజుల్లో రేసు సైకిల్ ఎలా ఉండేదో తెలియకపోతే ఆయన చేసిన పని విలువ అర్థం కాదు. ఇప్పట్లా నొక్కితే మారే గేర్లు లేవు. వెనక చక్రానికి రెండు వైపులా రెండు పళ్ల చక్రాలుండేవి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది చూడండి, అలాంటి ఎక్కుడు వచ్చిందంటే సైకిల్ ఆపి దిగాలి. రెండు వైపులా రెక్కల నట్లు వదులు చేయాలి. చక్రం ఊడదీసి, తిప్పి, పెద్ద పళ్ల వైపుకి గొలుసు వేసి మళ్లీ బిగించాలి. పైకి ఎక్కాక దిగుడులో మళ్లీ ఇదే తతంగం. ఎంత బాగా తొక్కినా నట్ల దగ్గర ఆలస్యమైతే రేసు పోయినట్టే.

కంపెనీ చెప్పుకునే కథ ఇది. 1927 నవంబరు 11న క్రోచె దాఊనె అనే కనుమ మీద మంచులో టుల్లియో రేసు తొక్కుతున్నాడు. చక్రం తిప్పాల్సి వచ్చింది. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి, నట్లు కదల్లేదు. ఆయన తంటాలు పడుతుండగానే మిగతావాళ్లు దాటిపోయారు. చక్రం బిగించే ఈ పద్ధతే మారాలని ఆ రోజే ఆయనకి తోచిందంటారు. ఆ తేదీ మీద, ఆ రేసు మీద చరిత్ర తవ్వేవాళ్లకి అనుమానాలున్నాయి. కంపెనీల పుట్టుక కథలు ఎప్పుడూ కాస్త నున్నగానే ఉంటాయి లెండి. ఆ కనుమ మీద మాత్రం ఇప్పుడు ఆయన స్మారకం ఉంది.

కథ సంగతి ఎలా ఉన్నా వస్తువు నిజం. ఇరుసుని బోలుగా చేసి, దాని మధ్యలోంచి సన్నటి కడ్డీ పోనిచ్చాడు. కడ్డీకి ఒక చివర నట్టు, రెండో చివర లీవరు. లీవరు మడిస్తే లోపలి ఉబ్బెత్తు భాగం కడ్డీని లాగి చక్రాన్ని ఫ్రేముకి బిగించేస్తుంది. తెరిస్తే చక్రం చేతిలోకి వచ్చేస్తుంది. పానా అక్కర్లేదు, చలికి బిగుసుకుపోయిన వేళ్లతోనూ పనవుతుంది. దీన్నే క్విక్ రిలీజ్ అంటున్నాం. కంపెనీ లెక్కలో ఇది 1930 నాటిది. డిస్క్ బ్రేకులు వచ్చేదాకా, సుమారు ఎనభై ఏళ్లు రేసు సైకిళ్లు దాదాపు ఈ పద్ధతి మీదే నడిచాయి.

1933లో సొంత పేరుతో కంపెనీ పెట్టాడు. షెడ్డు కట్టడానికి అప్పు కోసం తిరగలేదు, నాన్న కొట్టు వెనక గదిలోనే పని మొదలుపెట్టాడు. వ్యాపారానికి అదేమంత మంచి కాలం కాదు, ప్రపంచమంతా మాంద్యంలో ఉంది. పైగా టూర్ డి ఫ్రాన్స్‌లో రేసర్లందరికీ గేర్లు మార్చే యంత్రం వాడుకోనిచ్చింది 1937లోనే. అంటే తన సరుకుకి పెద్ద గిరాకీ రాకముందే ఆయన తయారుగా కూర్చున్నాడు.

తర్వాత వచ్చిన గేరు యంత్రం పేరు కాంబియో కోర్సా. దాన్ని తల్చుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. సీటు కింద వెనక్కి చెయ్యి పెట్టి ఒక లీవరు తిప్పితే, నడుస్తుండగానే వెనక చక్రం బిగింపు వదులవుతుంది. పెడల్ వెనక్కి తొక్కుతూ రెండో లీవరుతో గొలుసుని పక్క పళ్ల మీదకి నెట్టాలి. మళ్లీ మొదటి లీవరు బిగించాలి. ఇదంతా కొండ దారిలో, చూపు ముందుకి పెట్టి! అయినా 1948లో జీనో బార్తాలి దీంతోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. అదే రేసు అతను మొదటిసారి గెలిచింది పదేళ్ల ముందు, 1938లో. ఇప్పుడు అతని పేరుతో పాటు కాంపాన్యోలో పేరు కూడా మోగింది.

ఆ పేరు మోగుతుండగానే టుల్లియో ఆ యంత్రాన్ని పక్కన పెట్టేశాడు. 1949లో గ్రాన్ స్పోర్ట్ నమూనా చూపించాడు. పదో తరగతి జామెట్రీలో సమాంతర చతుర్భుజం చదివారు కదా, ఎదురెదురు భుజాలు ఎంత వంచినా సమాంతరంగానే ఉంటాయి. ఆ సూత్రం మీదే గొలుసు నడిపే చక్రాలు పక్కకి జరిగినా తిన్నగానే ఉంటాయి. ఆ సూత్రాన్ని సైకిల్‌కి వాడడంలో మొదటివాడు ఆయన కాదు, ఫ్రాన్సులో అంతకుముందే ప్రయత్నాలు జరిగాయి. రేసుల దెబ్బలకి తట్టుకునేలా తీర్చిదిద్దినవాడు ఆయన. 1963లో రికార్డ్, 1967లో నువోవో రికార్డ్ వచ్చాయి. ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కిన సైకిల్ మీద ఉన్నవీ కాంపాన్యోలో భాగాలే.

అంతటితో ఊరుకోలేదు. తేలికైన లోహాల పోతపని చేతికొచ్చింది కాబట్టి 1960ల్లో కార్లకి మెగ్నీషియం చక్రాలు పోశాడు. లంబోర్గినీ మియురా తిరిగింది వాటి మీదే. వైన్ సీసా బిరడా తీసే పరికరం కూడా చేశాడు. అది బరువుగా, అందంగా ఉంటుంది, మన ఇళ్లలో దానికి పని లేదనుకోండి. రెక్కలున్న చక్రం కంపెనీ గుర్తు.

ఆయన చేసినవన్నీ మెచ్చుకోవాలని లేదు. 1964లో జపాన్ కంపెనీ సన్‌టూర్ ఆ సమాంతర చతుర్భుజాన్నే కాస్త ఏటవాలుగా పెట్టి ఇంకా బాగా, ఇంకా చవగ్గా గేర్లు మార్చే యంత్రం తెచ్చింది. విచెంజా వాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఉన్నదానికే మెరుగులు దిద్దుతూ పోయారు. నా ఉద్దేశంలో ఆయన కంపెనీ చేసిన పెద్ద తప్పు ఇదే. 1983 ఫిబ్రవరిలో టుల్లియో చనిపోయాడు. కొడుకు వాలెంటినో పగ్గాలు తీసుకున్నాడు. మరుసటి ఏడాదే షిమానో, ఒక్కో నొక్కుకి ఒక్కో గేరు టక్కున మారే పద్ధతి తెచ్చింది. కాంపాన్యోలోకి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది.

ఇక మీ సైకిల్ సంగతి. తాతగారి సైకిల్ రోడ్‌స్టర్ అయితే చక్రం 28 అంగుళాలది, టైరు కూర్చునే చోట రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు. రోడ్ బైకుల 700సి రిమ్ముది 622. పాత కడ్డీ బ్రేకు రిమ్ము లోపలి అంచుని నొక్కుతుంది, కొత్త బ్రేకు పక్క గోడల్ని నొక్కుతుంది. అందుకని పాత రిమ్ముకి కొత్త బ్రేకు పెట్టి మోసపోకండి. స్పోకుల లెక్క కూడా కలవదు. మన సైకిళ్లకి ముందు 32, వెనక 40 ఉంటాయి, రోడ్ రిమ్ములకి మామూలుగా 32 లేదా 36. హబ్బుకి, రిమ్ముకి రంధ్రాలు ఒకే లెక్కలో ఉండాలి.

మెరుపు చూసి క్రోమ్ పూత స్టీలు రిమ్ము కొనకండి. తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. కళింగపట్నం, చింతపల్లి వైపు ఉప్పుగాలికి పూత కింద తుప్పు లేస్తుంది కూడా. వెండిరంగు అల్యూమినియం రిమ్ము తీసుకోండి. హబ్బు లోపల గోళీలు, కప్పు, కోను విడిగా ఉండే రకమైతే ఊళ్లో మెకానిక్కే విప్పి గ్రీజు పెట్టగలడు. పాత కాంపాన్యోలో రికార్డ్ హబ్బులు ఇప్పటికీ తిరుగుతున్నాయంటే కారణం అదే.

వీలైతే చక్రం మీరే అల్లండి. రాజాంలోనో టెక్కలిలోనో మెకానికల్ చదువుతుంటే మరీ మంచిది. ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే, కొనుక్కొచ్చిన రిపోర్టు రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. 36 స్పోకుల్లో ఏది బిగిస్తే రిమ్ము ఎటు లాగుతుందో, వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులు ఎందుకు ఎక్కువ బిగువుగా ఉంటాయో చేత్తో తెలుసుకున్నవాళ్లు తడుముకోరు. మొదటి చక్రం వంకరగానే వస్తుంది. పాత మెకానిక్ పక్కన ఓ ఆదివారం కూర్చుంటే వంకర తీయడం నేర్పిస్తాడు, టీ ఇప్పించండి చాలు.

డబ్బు కట్టేముందు ఫ్రేము వెనక ఫోర్కు కాళ్ల మధ్య ఖాళీ కొలవండి. పాత రేసు ఫ్రేములకి 120 లేదా 126 మిల్లీమీటర్లు, తర్వాతి రోడ్ హబ్బులకి 130. స్టీలు ఫ్రేము నాలుగు మిల్లీమీటర్ల తేడాకి సర్దుకుంటుంది, పది మిల్లీమీటర్లంటే తెలిసినవాళ్లతోనే వంచించాలి. రోడ్‌స్టర్ ఫ్రేముకి ఈ లెక్కలేవీ సరిపోకపోవచ్చు, కాబట్టి స్కేలు పట్టుకునే షాపుకెళ్లండి.