ఓడ పోయినను ప్రాణములు దక్కెను

పౌలు ఎక్కిన ఓడ బ్రద్దలైనను ఒక్క ప్రాణమైనను పోలేదని అపొ. కార్యములు 27వ అధ్యాయములో చదువుచున్నాము. షాకిల్టన్ దొర జీవితము మనకు దానిని జ్ఞాపకము చేయుచున్నది.

ఆయన 1874లో ఐర్లాండులో పుట్టెను. దక్షిణ ధ్రువ ఖండమును ఈ కొననుండి ఆ కొనకు దాటవలెనని 1914లో 'ఎండ్యూరెన్స్' అను ఓడలో బయలుదేరెను. 1915 జనవరిలో ఓడ మంచులో చిక్కుకొని, అక్టోబరులో నలిగిపోయెను. ఆయన తన కోరికను విడిచి, తనతోనున్న 27 మందిని ఇల్లు చేర్చుటయే పనిగా పెట్టుకొనెను. బరువు తగ్గించుకొనుడని చెప్పి, తన బంగారు నాణెములను తానే మంచుమీద పారవేసెను.

22 మందిని ఎలిఫెంట్ దీవిలో ఉంచి, ఐదుగురితో చిన్న పడవలో సుమారు 800 మైళ్లు పోయి సహాయము వెదకెను. మూడుసార్లు మంచు అడ్డగించెను. నాలుగవసారి, 1916 ఆగస్టు 30న, దీవి చేరగా అందరును బ్రదికియుండిరి. 1922లో ఆయన దక్షిణ సముద్రములోనే, ఓడలో మరణించెను.

ప్రియులారా, తలపెట్టిన పని చెడిన దినమున మనము దేనిని పట్టుకొందుము? బంగారమునా, మన ప్రక్కనున్నవారినా?