దోమ కడుపులో దొరికిన నిజం

సనత్‌నగర్ పేరులోనే పని ఉంది. ఉర్దూలో ‘సనత్’ అంటే పరిశ్రమ. ఊళ్లో పనిలేక పట్నం దారిపట్టి ఇక్కడి కార్ఖానాల్లో, ఇళ్ల కట్టుబడి పనుల్లో చేరిన కూలీలు ఎందరో. వాళ్లు విడిచివచ్చిన ఊళ్లోనూ, చేరిన బస్తీలోనూ వెంటాడిన శత్రువు ఒకటుంది. అదే చలిజ్వరం, మలేరియా. దాని గుట్టు బయటపడింది సనత్‌నగర్‌కు దగ్గర్లోనే, బేగంపేటలో. బయటపెట్టినవాడు రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయాల అంచున అల్మోరాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో పెద్ద అధికారి. కొడుక్కేమో కవిత్వం, సంగీతం, బొమ్మలంటే ఇష్టం. తండ్రి మాట కాదనలేక లండన్లో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. అతను మన జనం కోసం వచ్చిన డాక్టరు కాదు. తెల్లదొరల సైన్యం రోగాన పడకుండా చూడటానికి జీతం తీసుకున్నవాడు. ఆ సంగతి మరవకూడదు. అయితే అతను తేల్చిన నిజం దొరల సొత్తుగా మిగల్లేదు.

అప్పటికి డాక్టర్లలో పెద్ద వాదం నడుస్తోంది. చిత్తడి నేలల నుంచి లేచే చెడుగాలి వల్లే ఈ జ్వరం వస్తుందని వందల ఏళ్ల నమ్మకం. మలేరియా అనే మాటకు అర్థమే చెడుగాలి. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు రోగి నెత్తుట్లో కంటికానని క్రిమిని చూశాడు. పెద్ద పెద్దవాళ్లు చాలాకాలం నమ్మలేదు. రాస్ కూడా మొదట్లో నమ్మలేదు. 1894లో సెలవు మీద లండన్ పోయినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు సూక్ష్మదర్శినిలో ఆ క్రిమిని కళ్లారా చూపించాడు. ఇది దోమలోకి పోతుందేమో పరీక్షించమని పురమాయించాడు. అయితే దోమ నీళ్లలో చచ్చాక ఆ నీళ్లు తాగితే జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. గురువు చెప్పిందాంట్లో సగం నిజం, సగం పొరపాటు. అది తేల్చింది ప్రయోగమే.

1895లో రాస్ సికింద్రాబాదు దండుకు వచ్చాడు. రెండేళ్లపాటు దోమల్ని కోసి చూడటమే పని. మొదట్లో చూసినవన్నీ వేరే రకం దోమలు, ఏమీ దొరకలేదు. 1897 ఆగస్టు నెల, ఉక్కపోత. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని వేయనివ్వలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి.

అప్పుడు హుసేన్ ఖాన్ అనే రోగి దొరికాడు. కుట్టిన దోమకు అణా చొప్పున కూలి. రెక్కల మీద మచ్చలున్న దోమల్ని వదిలి అతన్ని కుట్టించారు. ఆగస్టు 20న అలా కుట్టిన దోమ కడుపు గోడలో రాస్‌కు నల్లటి రంగు చుక్కలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. అవి మలేరియా క్రిమి పెరుగుతున్న గూళ్లు. ఆ రోజునే ఇప్పుడు ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. రాస్ పేరు పుస్తకాల కెక్కింది, నల్లకుంట కోరంటి దవాఖానాకూ పెట్టారు. నెత్తురిచ్చిన హుసేన్ ఖాన్‌కు దక్కింది అణాల లెక్కే.

సర్కారు ఏం చేసింది? కొద్ది వారాలకే మలేరియా పెద్దగా లేని రాజపుటానాకు రాస్‌ను బదిలీ చేసింది. 1898లో కలకత్తాలో మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడి తోడుతో పిట్టల మలేరియా మీద పనిచేసి, క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి కాటుతో పాకుతుందని నిరూపించాడు. అదే ఏడు మనుషుల మలేరియా విషయం ఇటలీలో గ్రాసీ బృందం తేల్చింది. ఘనత ఎవరిదని ఇద్దరికీ జీవితాంతం కొట్లాటే. 1902 నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే వచ్చింది.

ఆ తర్వాత మరో వాదం లేచింది. దోమలన్నిటినీ చంపగలమా, అయ్యే పని కాదు గనక ఖర్చు దండగ అన్నారు అధికారులు. లాహోర్ దగ్గర మియాన్‌మీర్ దండులో చేసిన ప్రయత్నం ఫలించలేదని చూపించారు. చాలినంత డబ్బు పెట్టకుండా ఓడిపోయామంటే ఎలా అని రాస్ పోట్లాడాడు. సూయజ్ కాలువ మీది ఇస్మాయిలియాలో నిలవనీళ్లు తీసేయిస్తే కొన్నేళ్లలోనే జ్వరం తగ్గిపోయింది. పైగా లెక్కగట్టి చూపించాడు: ఆఖరి దోమ దాకా చంపనక్కర్లేదు, ఒక హద్దుకు దిగువకు తగ్గిస్తే చాలు, జ్వరం దానంతటదే అణగిపోతుంది. 1932 సెప్టెంబరు 16న లండన్లో కన్నుమూసేదాకా అతనిది అదే వాదం.

రైతుకూలీకి అక్కరకొచ్చే మాట ఇదే. జ్వరం తలరాత కాదు, గాలి చేష్ట కాదు, అమ్మవారి కోపం కాదు. గుంతలో నిలిచిన నీళ్లది, పూడిక తీయని కాలవది, ఆ పనికి డబ్బు లేదనే పాలకులది తప్పు. వారం రోజులు మంచం పడితే వారం కూలి పోతుంది, అప్పు మిగులుతుంది. చలితో వణుకు మొదలైతే దవాఖానాలో నెత్తురు పరీక్ష చేయించుకోవాలి, ఇచ్చిన మాత్రలు పూర్తిగా వాడాలి. అది మన వంతు. కాలవలు బాగుచేయించడం పంచాయతీ వంతు, మున్సిపాలిటీ వంతు. ఆ వంతును పదిమందీ కలిసి గట్టిగా అడగాలి. నిజం బేగంపేటలో 1897లోనే తేలింది, ఇక తెలియదనే సాకు ఎవరికీ చెల్లదు.