ఆరు చుక్కల లూయీ

బ్రెయిలీ లిపిని కనిపెట్టినది ఎవరు? బిట్టు పేపర్లో ఒక మార్కు ప్రశ్న. జవాబు మనందరికీ వచ్చు. కానీ ఆ లిపి పూర్తయ్యేసరికి దాన్ని కనిపెట్టినవాడి వయసు 15 ఏళ్లని, అంటే మనం ఐఐటీ ఫౌండేషన్ క్లాసులకి తిరిగే వయసని, నాకు ఈమధ్యే తెలిసింది.

లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న పారిస్‌కి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని కూవ్రే అనే ఊళ్లో పుట్టాడు. నాన్న గుర్రాలకి జీనులు, తోలు పట్టీలు చేసేవాడు. మూడేళ్ల పిల్లాడు ఆయన కొట్లో దూరి, తోలుకి కన్నాలు పొడిచే ఆరెతో ఆడుకుంటుంటే అది జారి కంట్లో గుచ్చుకుంది. చీము పట్టి రెండో కంటికీ పాకింది. ఐదేళ్లు వచ్చేసరికి రెండు కళ్లూ పోయాయి.

అమ్మానాన్నలు పిల్లాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టలేదు. ఊరి బడికే పంపారు. అందరితో పాటు కూర్చుని చెవితో విని నేర్చుకున్నాడు. 1819లో, పదేళ్లకి, పారిస్‌లో అంధ బాలల కోసం ఉన్న రాజ విద్యాలయంలో చేరాడు. దాన్ని పెట్టిన వాలంతాఁ ఆవీ మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేయించాడు. మంచి ఆలోచనే, కాకపోతే చూపున్నవాడి ఆలోచన. ఒక్కో అక్షరం అంచులన్నీ వేలితో తడుముతూ పోవాలి. పుస్తకాలు బండరాళ్లంత బరువు. పైగా ఆ పద్ధతిలో పిల్లాడు తనంతట తాను రాసుకోవడం దాదాపు కుదరని పని. అంటే చదువుకోవచ్చు గానీ నోట్సు ఉండదు, ఉత్తరం ఉండదు, తను రాసింది తనే దిద్దుకోవడం అసలే ఉండదు.

ఇదేదో పాత సంగతి అనుకోవద్దు. మా క్లాసులో చూపు లేని ఫ్రెండ్ ఒకడున్నాడు. స్క్రీన్ రీడర్‌తో నాకంటే ఫాస్ట్‌గా కోడ్ రాస్తాడు. కానీ ఎవరైనా నోట్స్‌ని ఫోటోలు తీసి పీడీఎఫ్‌గా గ్రూపులో పెడితే మాత్రం, పక్కన ఎవరో ఒకరు కూర్చుని చదివిపెట్టాల్సిందే. ఫైలు వాడి ఫోన్లోనే ఉంటుంది, చదువు మాత్రం పక్కవాడి ఖాళీ టైమ్ మీద ఆధారపడి ఉంటుంది.

1821 ప్రాంతంలో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి తన చుక్కల లిపిని ఆ స్కూలుకి తెచ్చాడు. గడికి 12 చుక్కలు దాకా, రెండు నిలువు వరసల్లో. అది శబ్దాలని రాసేదే తప్ప స్పెల్లింగు రాయదు, కామా ఫుల్‌స్టాపులు లేవు. గడి పెద్దది కాబట్టి వేలిని పైకీ కిందకీ జరపాలి. లూయీ ఏళ్ల తరబడి దాంతో కుస్తీపట్టి, 1824 నాటికి ఆరు చుక్కలకి దించాడు. గడి మొత్తం వేలికొన కింద ఒక్కసారే ఇమిడిపోతుంది. మన భాషలో చెప్పాలంటే సిక్స్ బిట్స్: ఖాళీ గడితో కలిపి 64 కాంబినేషన్లు. అక్షరాలు, అంకెలు, సంగీతం అన్నీ అందులోనే. పలక మీద కాగితం పెట్టి మొనతో గుచ్చడమే రాయడం. ఆ మొన, కన్ను పోగొట్టిన ఆరెకి దగ్గరి చుట్టమే.

1829లో తన పద్ధతి మీద పుస్తకం వేసి, బార్బియేకి దక్కాల్సిన గౌరవం అందులోనే ఇచ్చాడు. తమాషా ఏంటంటే ఆ పుస్తకం అచ్చయింది పాత ఉబ్బెత్తు అక్షరాల్లోనే!

అదే స్కూల్లో టీచరయ్యాడు, చర్చిలో ఆర్గన్ వాయించాడు. పిల్లలకి చుక్కలు వెంటనే పట్టుబడ్డాయి. పెద్దలకే పట్టలేదు. 1840లో వచ్చిన కొత్త డైరెక్టర్ దుఫో ఆ లిపిని పక్కన పెట్టించాడు. చూపున్నవాళ్లకి అర్థంకాని లిపి అంధుల్ని వేరుచేస్తుందని అప్పటివాళ్ల వాదన. పిల్లలు మాత్రం చాటుగా రాసుకుంటూనే ఉన్నారు. చివరికి డైరెక్టర్ కిందే పనిచేసే గాదే మనసు మారి, 1844లో కొత్త భవనం ప్రారంభోత్సవంలో ఆ లిపిని అందరిముందూ మెచ్చుకున్నాడు.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. ఇంటికి ఉత్తరం రాస్తే అమ్మకి చుక్కలు చదవడం రాదు కదా? అందుకని 1839లో చుక్కలతోనే మామూలు అక్షరాల ఆకారం వచ్చే పద్ధతి చేశాడు. పియేర్ ఫూకో అనే మరో అంధుడు దానికి మెషీన్ తయారుచేశాడు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కి తాతన్నమాట.

క్షయ ఆయన్ని ఏళ్లపాటు తిన్నది. 43 నిండిన రెండు రోజులకి, 1852 జనవరి 6న పోయాడు. ఫ్రాన్స్ ఆ లిపిని అధికారికంగా తీసుకున్నది 1854లో. మన భారతీ బ్రెయిలీ 1951లో వచ్చింది. అందులో తెలుగు 'అ' అంటే ఎడమపక్క పైన ఒకే ఒక్క చుక్క. ఆ మరుసటి ఏడాది ఫ్రాన్స్ ఆయన అస్థికలని పారిస్‌లోని పాంథియోన్‌కి తరలించింది. చేతుల ఎముకలు మాత్రం కూవ్రేలోనే ఉంచుకున్నారు.